కాలవ బయల్దేరేకాడికి, అమ్మతో

"సత్రశాల వద్దురా. కాలవ బయల్దేరేకాడ కలపండి. అక్కడైతే ఎప్పటికైనా మన చేలోకే వస్తాగా."

పోయే ముందు నెలలో అమ్మ అన్నయ్యతో అన్న మాట ఇది. మా రెంటచింతల చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా అస్థికలు సత్రశాల రేవులోనే కృష్ణలో కలుపుతారు. దగ్గర, మల్లేశ్వరస్వామి గుడి కూడా ఉంది. నాన్నవీ అక్కడే కలిపాం. అమ్మకు మాత్రం మా కాలవ బయల్దేరే నాగార్జునసాగర్ కావాలి. తొంభైకి దగ్గరపడిన మనిషి, ఏనాడూ తనకంటూ ఇది కావాలని అడగని మనిషి అడిగింది. చిన్నదినం అయిన మర్నాడు పొద్దున్నే అన్నయ్యా నేనూ కారెక్కాం. తెల్లగుడ్డ కట్టిన చిన్న ముంత నా ఒళ్లో ఉంది.

ఊరు దాటగానే నాపరాళ్లు నిలువునా పాతిన దొడ్ల కంచెలు, ఎర్రచేలు. అమ్మ కాపురానికొచ్చినప్పుడు ఇదంతా మెట్ట. జొన్న, సజ్జ, కంది, ఆముదం. వరన్నం పండక్కే. తాగే నీళ్లకు ఊరి బయట దిగుడుబావి ఒక్కటే దిక్కు. తెల్లారుజామున మూడింటికి లేచి వెళ్తేనే ఊట నీళ్లు దొరికేవని, ఆలస్యమైతే అడుగున బురద చెంబుతో తోడుకోవాల్సిందేనని చెప్పేది. నెత్తిమీద రెండు బిందెలు, చంకలో ఒకటి. కడుపుతో ఉన్నప్పుడూ అంతే. అమ్మ నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఉండేవి కావు. చుట్టకుదురు ఒరుసుకుని పోయిందట. చిన్నప్పుడు అమ్మకు తల దువ్వుతూ ఆ చోటు వేలితో తడిమేదాన్ని. మొన్న ఆఖరి స్నానం చేయించేటప్పుడు కూడా నా వేళ్లు అక్కడికే వెళ్లాయి.

మాచర్లలో టీ తాగాం. మైల కదా, చెన్నకేశవస్వామి గుడిలోకి వెళ్లలేదు. బయటినుంచే దణ్ణం పెట్టుకున్నాం. అక్కణ్ణుంచి సాగర్ రోడ్డు. కాలవ కనబడ్డ మొదటి వంతెన దగ్గర అన్నయ్య కారాపాడు. ఆ వారమే కుడి కాలవకు నీళ్లు వదిలారు. నిండుగా, ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. నేను ముంత పట్టుకుని కారు దిగి పిట్టగోడ దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ కాలవ 203 కిలోమీటర్లు నడిచి ప్రకాశం జిల్లా దాకా వెళ్తుంది. దాన్నుంచి చీలిన మేజరు అనే పిల్లకాలవ, ఆ మేజరు మీద తూము, ఆ తూము కింద ఆఖరున మా మూడెకరాలు. చివరి భూములంటే ఏంటో చివరి భూముల వాళ్లకే తెలుసు. పైవాళ్లు తడుపుకుని వదిలితేనే మాకు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కుడి, ఎడమ కాలవలకు నీళ్లు వదిలారు. ఆ నీరు మా తూముదాకా రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. నేను కడుపులో ఉండగా వచ్చిందని అమ్మ లెక్క. అందుకే "నువ్వూ నీళ్లూ ఒకేడు వచ్చారే" అనేది. వరి నాటడం మా ఊళ్లో ఎవరికీ రాదు. డెల్టా వైపు నుంచి వచ్చిన కూలీల పక్కన నడుం వంచి నేర్చుకుంది. రెండో ఏటికి తనే ముఠాకు ముందు నిలబడింది. రాత్రి నీళ్ల వంతు వచ్చినప్పుడు నాన్న పై గట్టున కాపలా ఉంటే అమ్మ లాంతరు, పార తీసుకుని చేలోకి నీళ్లు మళ్లించే మడవలు తిప్పేది. పొద్దున్నే కాళ్లకు బురద ఎండి పగుళ్లుదేరి వచ్చి, ఆ కాళ్లతోనే పొయ్యి వెలిగించేది.

మిర్చి వచ్చాక ఇల్లంతా ఘాటే. కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరి ఏరి చేతులు నిప్పులైపోయేవి. సాయంత్రం మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ ముంచుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. ఆ రెండు నెలలూ తమ్ముడికి అన్నం కలిపి పెట్టింది నాయనమ్మే. వాడు అమ్మా అని దగ్గరికొస్తే చేతులు దూరంగా చాచి, మోచేతులతో దగ్గరికి లాక్కునేది. చేతులు తగలకుండా ఎత్తుకోవడం అమ్మకు అలవాటైపోయింది. మిర్చి లేని రోజుల్లో కూడా ఒక్కోసారి అలాగే పట్టుకునేది.

1987-88 పత్తి సంగతి రాయక తప్పదు. తెల్లదోమ పట్టి, ఎన్నిసార్లు మందు కొట్టినా లొంగక, చేలకు చేలే పోయాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతోమంది రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారు. మా నాన్న మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ నోరు విప్పి ఏమీ అనలేదు. మందు డబ్బాలన్నీ ధాన్యం గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుంది. పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు అమ్మి మందుల కొట్టు బాకీ కట్టింది. ఆ తాళంచెవి మళ్లీ ఏడు పంట చేతికొచ్చేదాకా మొలతాడుకే ఉంది. మొలలో అది గుచ్చుకుని పుండు పడితే పసుపు రాసుకోవడం నేను చూశాను. ఎందుకని అడిగే వయసే నాది. అయినా అడగలేదు.

అలాంటి మనిషికి మరణ నమోదు ఫారంలో వృత్తి అన్నచోట "గృహిణి" అని రాశారు. పాసుపుస్తకం నాన్న పేరున ఉండేది, తర్వాత అన్నయ్య పేరుకు మారింది. అరవై ఏళ్లు సేద్యం చేసిన మనిషిని ఏ కాగితమూ రైతు అనలేదు. నాకు దీని మీద కోపం ఉంది. పోయేది కూడా కాదు.

ఆనకట్ట పక్కనుండే విజయపురి సౌత్ చేరేసరికి తొమ్మిదయింది. గేట్లు ఎత్తారు. ఇరవయ్యారు గేట్ల నురుగు తుంపరలై పైకి లేస్తోంది. రాతితో కట్టిన ఆనకట్ట అది. మా పెద్ద మేనమామ అక్కడ రాళ్లు మోసే పనికి వెళ్లినవాడే. తమ్ముడు మోసిన రాళ్లు చూడాలని అమ్మకు మహా కోరిక. "గేట్లెత్తారంట, పోయొద్దాం" అని ప్రతి ఏడూ అనుకునేది. కానీ గేట్లెత్తే ఆగస్టులోనే మాకు నారుమళ్లు, నాట్లు. "ఈ నాట్లు కానీ" అనేది. అవి అయ్యేసరికి కలుపు. ఇంత దగ్గర్లో ఉండి ఒక్కసారీ చూడలేదు. నేను హైదరాబాద్ నుంచి కార్లో పిల్లల్ని తీసుకుని నాలుగుసార్లు వచ్చి చూశాను. అమ్మను ఒక్కసారి ఎక్కించుకుని రాలేకపోయాను.

అనుపు దారిలో జలాశయం ఒడ్డున నీళ్లు నెమ్మదిగా ఉన్నచోట ఆగాం. ఎదురుగా నీళ్ల మధ్య నాగార్జునకొండ. ఆనకట్టతో మునిగిపోయిన లోయలోంచి తెచ్చిన శిల్పాలు, శాసనాలు ఆ దీవి మీది మ్యూజియంలో ఉన్నాయి. ఇక్ష్వాకుల కాలంలో, 3వ శతాబ్దంలో, రాజు తోబుట్టువు శాంతిసిరి మహాచైత్యం కోసం స్తంభాలు వేయించింది. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి, ఆ పుణ్యం తన ఇంటిల్లిపాదికీ పంచుతూ శాసనం రాయించింది. ఆడవాళ్ల పేర్లు రాతిమీద పదిహేడు వందల ఏళ్లు నిలబడిన లోయ ఇది. ఆ మాట అన్నయ్యతో అంటే, "అమ్మ కూడా అంతే కదే, ఏ పుణ్యం తన దగ్గర ఉంచుకుంది" అన్నాడు.

అన్నయ్య మోకాలి లోతుకు దిగాడు. నన్నూ రమ్మన్నాడు. ఆడపిల్లవు, గట్టునుండు అంటాడేమో అనుకున్నా. అనలేదు. ఇద్దరం కలిసి గుడ్డ విప్పి ముంత వంచాం. బూడిద కాసేపు తెట్టులా తేలి, నెమ్మదిగా కాలవలోకి నీళ్లు వదిలే హెడ్ రెగ్యులేటర్ వైపు సాగింది. నిజంగా అటే పోయిందో, నాకలా కనిపించిందో. చూస్తూ ఉండిపోయాం.

ఎత్తిపోతల జలపాతం మలుపు దగ్గర ఆగుదామా అన్నాడు అన్నయ్య. వద్దన్నాను. ఇంటికి చేరగానే కాలవ నీళ్లు చూసే లస్కరు ఫోన్ చేశాడు. మేజరులోకి నీళ్లు వదిలారు, రేపు రాత్రికి మీ తూముకొస్తాయి అన్నాడు.

మర్నాడు రాత్రి పదింటికి చేలోకి వెళ్లాం. అన్నయ్య చేతిలో సెల్‌ఫోన్ లైటు, నా చేతిలో అమ్మ పార. పిడి మధ్యలో అమ్మ చేతులు పట్టిన చోట కొయ్య నున్నగా అరిగిపోయి ఉంది. పన్నెండు దాటాక బోదెలో చిన్న సవ్వడి. ముందు గడ్డిపరకలు, చిదుగులు, వాటి వెనక నురుగు. ఎండిన నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే బుసబుస శబ్దం, బుడగలు. నెర్రెల్లోంచి కీచురాళ్లు పైకి ఎగబాకి గట్టు మీదకు వచ్చేస్తున్నాయి.

"అమ్మాయ్, మడవ తియ్యి" అన్నాడు అన్నయ్య.