లాకీషు బండి మీద పిల్లలు

మా అమ్మాయికి పదమూడేళ్లు. లండన్‌లోనే పుట్టి పెరిగింది. ఇక్కడి స్కూల్లో అన్ని మతాల గురించీ చెప్పే క్లాసు ఒకటి ఉంటుంది. ఒకరోజు ఆ క్లాసు నుంచి వచ్చి, "అమ్మా, బైబిల్లో ఉన్నవి నిజంగా జరిగాయనడానికి ఆధారాలున్నాయా?" అని అడిగింది.

గుంటూరు దగ్గర మా ఊళ్లో, సండే స్కూల్లో నేనూ ఇలాగే అడిగాను. "వాక్యాన్ని అనుమానించకూడదు" అని కూర్చోబెట్టారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు గానీ ఆ ప్రశ్న నాలో అలాగే ఉండిపోయింది. నా కూతురికి అలా కాకూడదు అనుకున్నాను.

నోవహు ఓడ దొరికిందని, ఎర్ర సముద్రం అడుగున ఫరో రథచక్రాలు బయటపడ్డాయని బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు వస్తుంటాయి. అవి తనకు చూపించలేదు. పరీక్షకు నిలిచే ఆధారం వాటికి లేదు. అవి అబద్ధమని రేపు తనే తెలుసుకుంటే నేను చెప్పిన మిగతా మాటలూ నమ్మదు. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి ఆరు లక్షల మంది ఇశ్రాయేలు పురుషులు బయల్దేరారని నిర్గమకాండంలో ఉంది కదా, అంతమంది సీనాయి ఎడారిలో తిరిగిన జాడ ఇంతవరకు దొరకలేదని కూడా దాచకుండా చెప్పాను. చెప్పేటప్పుడు గుండె దడదడలాడింది.

తర్వాతి శనివారం బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్లాను. అక్కడ అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు చెక్కించుకున్న రాతిపలకలున్నాయి. క్రీ.పూ. 701లో అతను యూదా దేశం మీదికి వచ్చి లాకీషు పట్టణాన్ని పట్టుకున్నాడు. ఆ యుద్ధాన్ని నీనెవెలోని తన రాజభవనం గోడల మీద చెక్కించాడు. లాకీషు ఉన్న చోట తవ్వితే ముట్టడి కోసం రాళ్లు పోసి కట్టిన దిబ్బ, బాణాల మొనలు దొరికాయి.

అదే మ్యూజియంలో ఆరు ముఖాల మట్టి శాసనం ఒకటి ఉంది. 46 కోట పట్టణాలు గెలిచానని, యూదా రాజు హిజ్కియాను అతని రాజధాని యెరూషలేములో పంజరంలోని పక్షిలా బంధించానని సన్హెరీబు అందులో రాయించాడు. 30 తలాంతుల (తలాంతు అప్పటి తూకం కొలత) బంగారం కప్పం వచ్చిందన్నాడు. రాజుల రెండవ గ్రంథం హీబ్రూ మూలంలోనూ బంగారం 30 తలాంతులే. వెండి దగ్గర మాత్రం లెక్క కలవదు. బైబిల్లో 300, శాసనంలో 800. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అతను ఎక్కడా అనలేదు.

"అయితే బైబిల్లో ఉన్నట్టు దేవదూత వచ్చి ఒక్క రాత్రిలో లక్షా ఎనభై ఐదు వేల మంది అష్షూరు సైనికుల్ని చంపడం?" అంది.

"ఆ సంగతి ఈ రాళ్లలో లేదమ్మా. రాజు ఉన్నాడు, యుద్ధం జరిగింది, నగరం మిగిలింది. ఇంతవరకే ఇవి చెప్తాయి. దేవుడు కాపాడాడన్నది నా నమ్మకం. అది నేను ప్రార్థనలో తెలుసుకున్నది, మ్యూజియంలో కాదు."

తను ఆ మాటకు ఊఁ అనలేదు. ఒక పలక దగ్గరే నిలబడిపోయింది. ఎడ్లబండి మీద సామాన్ల మూటలు, వాటి మీద ఆడవాళ్లు, పిల్లలు. సైనికులు వాళ్లను ఊరు దాటిస్తున్నారు. మా అమ్మాయి వేలు చూపించి, "యెరూషలేముకి దేవదూత వచ్చాడు. మరి వీళ్లు ప్రార్థన చేయలేదా?" అంది.

ఆధారాల గురించి నాలుగు వారాలు చదివి వెళ్లాను. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదు. "నాకూ తెలీదమ్మా" అన్నాను. తన చెయ్యి పట్టుకుని చాలాసేపు అక్కడే నిల్చున్నాను.

ఆ రాత్రి ఫోన్లో అమ్మమ్మకి అంతా చెప్పింది. మా అమ్మ రోజూ తెల్లవారుజామునే లేచి బైబిల్ చదువుకునే మనిషి. ఏమంటుందోనని నాకు టెన్షన్. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఇన్నేళ్లుగా ఆ అధ్యాయం చదువుతున్నాను గానీ లాకీషు వాళ్ల గురించి ఎప్పుడూ ఆలోచించలేదమ్మా" అంది. "ఆ బండి ఫోటో తీశావా? నాకు పంపించు."