పేపరోళ్లు వెళ్లాక మొదలైన సభ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కార్గో విమానాశ్రయం వద్దంటూ మందస, వజ్రపుకొత్తూరు మండలాల రైతులు సభలు పెడుతున్నారని అక్కడక్కడ ముక్కలుగా చదువుతూ వచ్చాను. ఒకసారి వెళ్లి సభంతా కూర్చుని, మర్నాడు అదే సభ పేపర్లో ఎలా వస్తుందో చూడాలనిపించింది. ఈ సరదాకి కారణం ఉంది. కొన్నేళ్లు ఒక పత్రిక డెస్కులో పనిచేశాను. ధర్నాలు, రాస్తారోకోలు, రిలే దీక్షలు – లెక్కలేనన్ని వార్తలకి శీర్షికలు పెట్టాను. అన్నీ కుర్చీలో కూర్చునే.

విశాఖలో పలాస ప్యాసింజరు ఎక్కాను. విజయనగరం స్టేషన్లో బండి చాలాసేపు ఆగింది. ఆ ఊరి పేరు చూస్తే నాకు 2013 అక్టోబరు గుర్తొస్తుంది. తెలంగాణ ఏర్పాటుకి కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్నాక ఇక్కడ ఆస్తుల మీద దాడులు జరిగి కర్ఫ్యూ పెట్టారు. హైదరాబాదులో టీవీ చూస్తే ఊరు మొత్తం తగలబడిపోతోందనిపించేది. భయపడి ఫోను చేస్తే మా పిన్ని, పాలు దొరకట్లేదురా, అదొక్కటే ఇబ్బంది అంది. ఆవిడ వీధిలో పొగ లేదు. టీవీ చూపించిందీ అబద్ధం కాదు. ఊళ్లో ఒక మూల జరిగింది తెరంతా నిండింది.

నౌపడ దగ్గర ఉప్పు మళ్లు తగిలాయి. అటు సంతబొమ్మాళి వైపు వెళ్తే కాకరాపల్లి. అక్కడ థర్మల్ ప్లాంటుని అడ్డుకుంటున్న జనం మీద 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్రలో పోలీసులు కాల్పులు జరిపారు. పెట్టెలో నా ఎదురుగా కూర్చున్నాయన ఆ దిక్కు చూపించి, "అక్కడే కాల్చీసినారు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, వేరుశనగకాయలు ఒలుచుకోవడంలో పడిపోయాడు.

కాశీబుగ్గలో దిగేసరికి జీడిపిక్కలు కాల్చిన వాసన. అక్కణ్ణుంచి ఆటో. రోడ్డుకి రెండువైపులా కొబ్బరి, జీడి, పనస, మధ్యమధ్య మామిడి, మునగ. ఉద్దానం అంటే బయటివాళ్లకి కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి కట్టింది ఆ జబ్బు కోసమే. కానీ కళ్లకి కనబడేది ఈ పచ్చదనం. ఇది కూడా పాత పచ్చదనం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీదే విరుచుకుపడింది. కొబ్బరిచెట్లు వరసలకి వరసలు నేలకొరిగాయి. ఆ తర్వాత నాటిన మొక్కలే ఇప్పుడు కాపుకొస్తున్నాయి. నాటురకం కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ లెక్క తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు.

ఊరి పేరు రాయడం లేదు. మాట్లాడినవాళ్లు మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సినవాళ్లు.

తోటలో పనసచెట్ల కింద టెంటు వేశారు. ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లలో సగం మంది వలస పోయినవాళ్లు కదా. చెప్పిన టైముకే వెళ్లాను. సభ మొదలయ్యే జాడ లేదు. ఒకాయన నాకు ప్లాస్టిక్ కుర్చీ లాగి, "ఐదరాబాదు నుంచి వచ్చినారా బావూ? కూకోండి. పేపరోల్లు ఇంకా రాలేదు" అన్నాడు. బ్యానరు మడిచి పక్కన పెట్టి ఉంది. ముందే కడితే గాలికి చిరిగిపోతుందట, ఫొటోకి బాగుండదట.

వచ్చారు. నాలుగైదు బైకులు. అంతే, టెంటు లేచి నిలబడింది. బ్యానరు విప్పారు, ఇద్దరు ముసలమ్మలని ముందుకి తెచ్చారు, పిడికిళ్లు లేచాయి. "మా భూములు మాకే" అన్నారు. ఒక ఫొటోగ్రాఫరు, కొంచెం కోపంగా చూడండమ్మా అన్నాడు. ఒకావిడకి నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకే కుర్రాడు మూడు చానళ్లకి పనిచేస్తున్నాడు. సంచిలోంచి మైకు లోగోలు ఒక్కోటీ తీసి తగిలించి, అదే మనిషిని అదే మాట మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి ఆ రైతు మాట బాగా తేరింది. టీవీలో వచ్చేవాళ్లంతా అంత గడగడా ఎలా మాట్లాడతారో నాకు అప్పుడు తెలిసింది.

ఇంతలో చిన్న గలాటా. ఆ ఊరి కుర్రాడే ఒకడు వెనకనుంచి, "ఎయిర్‌పోర్టు వస్తే తప్పేటి?" అన్నాడు. ఇద్దరు అతని మీదకి వెళ్లారు, చొక్కా పట్టుకున్నారు, పెద్దవాళ్లు విడదీశారు. నిమిషం కూడా లేదు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. అది అయిపోయాక విలేకరులు, మండలాఫీసులో ఇంకో కార్యక్రమం ఉందని వెళ్లిపోయారు.

బైకుల చప్పుడు ఆగాక ఒక పెద్దాయన కింద పట్టా పరిపించి, "ఇంక మాటాడుకుందాం" అన్నాడు. అసలు సభ అప్పుడు మొదలైంది.

నేను విన్న సభల్లో ఇంత పనికొచ్చే మాటలు ఎక్కడా వినలేదు. మొదట ఒక నడివయసావిడ లేచింది. "తిత్లీలో మా సెట్లు పడిపోనాయి. మల్లీ ఎట్టినాం. ఇప్పుడిప్పుడే గెల కడతన్నాయి. దీనికి డబ్బు ఎలగ కడతారు? ఈ ఏడు కాసిన కాయకా, ఇంక ఏభై ఏళ్లు కాసే కాయకా?" అని అడిగింది. దీనికి ఏ నాయకుడూ సమాధానం చెప్పలేకపోయాడు. ఒక రిటైర్డు మాస్టారు లేచి 2013 భూసేకరణ చట్టంలో చెట్లకి విడిగా వెల కట్టాలనీ, ఉద్యానశాఖలో అనుభవమున్నవాళ్ల సాయం తీసుకోవచ్చనీ ఉందని చెప్పాడు. "అది రాసుంది. కట్టేవాడు ఎవడో మనకి తెలవాల" అంది ఆవిడ.

తర్వాత ఒక కుర్రాడు ఇంకో ప్రశ్న వేశాడు. ఇది ప్రభుత్వం కట్టేదా, ప్రైవేటుదా, ఇద్దరూ కలిసి కట్టేదా? అదే చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీకైతే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ఒప్పుకోవాలి. నేరుగా ప్రభుత్వానికైతే ఆ షరతు లేదు. ఆ తర్వాత రాష్ట్రం తెచ్చిన సవరణలు ఎంతవరకు మినహాయింపు ఇస్తాయన్న దాని మీద అరగంట వాదన నడిచింది. మాస్టారు ఒకటి అన్నారు, కుర్రాడు ఫోనులో చూసి ఇంకోటి అన్నాడు. ఆ గదమాయింపుల మధ్య ఒక ముసలాయన, తన భూమి పట్టా ఇంకా తన తాత పేరు మీదే ఉందని, డబ్బులంటూ వస్తే ఎవరికిస్తారని అడిగాడు. అప్పటిదాకా అరుచుకుంటున్నవాళ్లు చప్పున చల్లబడ్డారు. సగం మందికి అదే బాధ.

ఇందాక ఎవరి చొక్కా పట్టుకున్నారో ఆ కుర్రాడిని కూడా పట్టా మీద కూర్చోబెట్టి సోడా ఇచ్చారు. అతను చెన్నైలో పనిచేస్తాడు, పండక్కి తప్ప రాడు. "ఇక్కడ పనుంటే నానెందుకు పోతాను? జీడితోట మీద నలుగురన్నదమ్ములం ఎలగ బతుకుతాం?" అన్నాడు. అతని మేనత్త కాబోలు, "ఎయిర్‌పోర్టులో నీకు ఏటి పనిస్తారు? ఊడవడమా?" అంది. "సెన్నైలో మాత్రం ఏటి సేస్తన్నాననుకున్నావు అత్తా?" అన్నాడు వాడు. జనం నవ్వారు, కానీ ఎవరూ కొట్టిపారెయ్యలేదు. కేంద్ర పౌరవిమానయాన మంత్రి ఈ జిల్లా ఎంపీయే కాబట్టి ప్రాజెక్టు ఆగదని కొందరు, ఆయన మనవాడు కాబట్టే చెప్తే వింటాడని కొందరు. తేలలేదు. పొద్దువాలేదాకా కూర్చున్నారు.

ఆ రాత్రి కాశీబుగ్గలో టీ దుకాణం దగ్గర పొద్దున చూసిన విలేకరుల్లో ఒకాయన కలిశాడు. నా పాత ఉద్యోగం సంగతి చెప్పాక గొంతు విప్పాడు. జీతం లేదు, అచ్చయిన వార్త కొలతని బట్టి ఎంతో కొంత. పండగలకి, నాయకుల పుట్టినరోజులకి యాడ్లు తేవాలి. ఆ యాడ్లిచ్చేదీ, వార్తలో తిట్టించుకునేదీ ఒకే మనుషులు. మీరు వెళ్లాక బాగా మాట్లాడుకున్నారండీ అన్నాను. "తెలుసు సార్. ఆ పక్కనే మా జీడితోట కూడా ఉంది" అన్నాడు. మరి రాయొచ్చుగా? "తోట ఉందని తెలిస్తే ఈ బీటులోంచి తీసేస్తారు. అయినా మాటలకి ఫొటో ఉండదు కదా" అన్నాడు.

ఇది విన్నాక, మర్నాడు పొద్దున్న బస్టాండులో మూడు పేపర్లు కొని ఆత్రంగా తెరవలేదు గానీ, చూశాను. ఒకదాంట్లో 'కదం తొక్కిన ఉద్దానం'. వేలాదిమంది రైతులన్నారు. నేను చూసిన జనం ఆ టెంటు కిందే పట్టారు. ఇంకోదాంట్లో 'రైతుల సభ రసాభాస', చొక్కా పట్టుకున్న ఫొటోతో డబుల్ కాలమ్. కొద్దిమంది అన్నారు. మూడోది అయిదు లైన్లు, అందులో మూడు లైన్లు హాజరైనవాళ్ల పేర్లు. పేర్లు వేస్తే పేపరు కొంటారు. ఈ సూత్రం నాకు డెస్కులో మొదటి వారమే నేర్పించారు. ఏ పేపరు ఎవరి వైపు మొగ్గుతుందో జిల్లాలో పసిపిల్లాడికీ తెలుసు కాబట్టి, ఆ శీర్షికలు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. చానల్ వాట్సాప్‌లో పంపిన వీడియోలో ఆ నిమిషం గలాటానే తిప్పితిప్పి చూపించారు. ఎర్ర సున్నా చుట్టి, 'తీవ్ర ఉద్రిక్తత' అని.

చెట్టుకి వెల ఎలా కడతారన్న ప్రశ్న ఎక్కడా లేదు.

అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. రసాభాస అని రాసిన పేపరే అడుగున తహసీల్దారు మాట కూడా వేసింది, ఇంకా సర్వే దశలోనే ఉందని. సభలో మూడు గంటలు కూర్చున్నా నాకు ఆ మాట దొరకలేదు. మిగతా రెండు పేపర్లకి ఆఫీసుకి ఫోను చెయ్యాలని తోచలేదు కాబోలు.

అసలు ఇబ్బంది ఈ మొగ్గుల్లో కంటే పేజీలో ఉందని నా అనుమానం. 1974లో విశాఖలో ఈనాడు మొదలైనప్పుడు, విజయవాడ పేపరు ఇక్కడికి మధ్యాహ్నానికి చేరే రోజుల్లో, ఊరి వార్త తెల్లారేసరికి గుమ్మంలో పడటం పెద్ద విశేషం. ఎనభైల చివర్లో జిల్లాకో అనుబంధం వచ్చింది, దాన్ని మేం 'మినీ' అనేవాళ్లం. దాంతో ప్రతి మండలానికీ పేపర్లో చోటు దొరికింది. అప్పట్నుంచి శ్రీకాకుళం వార్తని శ్రీకాకుళం వాళ్లే చదువుతున్నారు. హైదరాబాదు మిత్రుడికి ఫోను చేసి అక్కడి ఎడిషన్లలో వెతకమన్నాను. లేదు. అమరావతిలో భూముల గురించి నిర్ణయం తీసుకునేవాడి బల్ల మీదకి కూడా ఈ మినీ వెళ్లదు. మెయిన్ పేపర్లోకి ఎక్కాలంటే ఏం జరగాలో ఈ జిల్లాకి బాగా తెలుసు.

అందుకే తిరుగు రైలెక్కకుండా సోంపేట వెళ్లాను.

అక్కడి బీల అంటే చిత్తడినేల. నీళ్లు, తుంగ, చేపలు, అంచుల్లో పొలాలకి తోడుకునే నీరు. 2008లో జీవో 1107తో ఇందులో 972 ఎకరాలు 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు. ఏ పనికీ రాని భూమి అని కంపెనీ వాదించింది. గట్టు మీద నిలబడి చూస్తే ఆ మాట ఎవరు ఎలా రాయగలిగారో అని ఒళ్లు మండుతుంది. సోంపేటలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. పేపర్లో 'ఫలానా రోజుకి చేరిన దీక్షలు' అని సింగిల్ కాలమ్. 2010 జులై 14న పనులు మొదలుపెట్టబోతే జనం అడ్డుపడ్డారు, పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు రైతులు చనిపోయారని కొన్నిచోట్ల, ముగ్గురని కొన్నిచోట్ల నేటికీ రాస్తారు. చావులకి కూడా లెక్క కుదరలేదు. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. చివరికి ప్లాంటు రాలేదు.

బీల ఒడ్డున ఒక ఊళ్లో, ఆ రోజుల్లో దీక్షలో కూర్చున్న రైతు ఇంటికి తీసుకెళ్లారు. ఆయన అటక మీంచి ఫైలు దించాడు. పేపరు కటింగులు, ప్రతిదాని మీదా బాల్‌పెన్నుతో తేదీ. వేళ్లతో తిప్పుతూ పోతే అంతా సింగిల్ కాలమే, మధ్యలో ఒక్కచోట మాత్రం మెయిన్ పేజీ నిండా పరుచుకున్న వార్త. తేదీ చూడక్కర్లేదు. ఆ తర్వాత మళ్లీ సింగిల్ కాలమ్.

ఈ కటింగులన్నీ దేనికని అడిగాను. కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సుకి అర్జీ వెనకాల జెరాక్సులు పెట్టేవారట, లాయరు అడిగితే ఇచ్చేవారట. పేపరు చదవడానికి కాదు, చూపించడానికి. మేం డెస్కులో కూర్చుని ఎప్పుడూ ఊహించని పాఠకుడు.

నా సంచిలో మూడు పేపర్లు చూసి, నిన్నటి సభ వార్త వచ్చిందా అని అడిగాడు. ఉద్దానం వాళ్లకి కూడా ఇలాగే ఫైలు కట్టమని చెప్పాడట, వాళ్లు బద్ధకిస్తున్నారట. కత్తెర తెప్పించి మూడూ కత్తిరించాడు. అయిదు లైన్లదీ, కదం తొక్కినదీ సరే. రసాభాస అని రాసినదాన్ని కూడా జాగ్రత్తగా కత్తిరిస్తుంటే, అది మీకు వ్యతిరేకంగా ఉంది కదండీ అన్నాను.

"సభ జరిగిందని ఒప్పుకున్నాడు గదా బావూ. తేదీ ఉంది, ఊరి పేరుంది. మరింకేటి కావాల?" అని జిగురు కోసం మనవణ్ణి కేకేశాడు.