ముత్తాత బాకీ పడ్డ తలనీలాలు

మొన్న కార్తీకంలో అంతర్వేది వెళ్లొచ్చాం. నాన్న గుండుకి రాసిన గంధం వాసన ఇంకా పోలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది కూనవరం, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. మా ఇలవేల్పు మాత్రం ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది నరసింహస్వామి. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "మీ ముత్తాత ఉప్పు పడవ మీద వచ్చాడ్రా" అనేది నానమ్మ. దిగువన ఉప్పు, ఎండుచేపలు ఎక్కించుకుని, గాలి ఉంటే తెరచాప మీద, లేకపోతే గెడకర్రతో తోసుకుంటూ పాపికొండలు దాటి వచ్చేవాళ్లట. సంతలో ఉప్పు కొలిచిచ్చి, చింతపండు వేసుకుని దిగిపోయేవాళ్లు. ఒక ఏడు నీళ్లు ముందే తీసేసి పడవ ఇసకలో కూర్చుంది. వరదొచ్చాక పోదామనుకున్న మనిషి, వరదొచ్చేలోపు ఇక్కడే పెళ్లి చేసుకున్నాడు. "క్షేమంగా తిరిగొస్తే తలనీలాలిస్తాను స్వామీ" అని బయల్దేరేటప్పుడు మొక్కాడట. తిరిగే వెళ్లలేదు కాబట్టి ఆ మొక్కు చెల్లదని మా బాబాయి వాదన. నాన్న ఒప్పుకోరు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరినప్పుడు మా ఇల్లు చూరు దాకా మునిగింది. పెరట్లో బట్టలారేసే దండెంగా మిగిలిన ముత్తాత గెడ కొట్టుకుపోయింది. దాని చివరి ఇనప ములుకు మాత్రం కంచెలో ఇరుక్కుని దొరికింది. ఎలాగూ పోలవరం ముంపు ఊరు మాది. "ఊరు వదిలేలోపు బాకీ తీర్చాలిరా" అన్నారు నాన్న.

ఘాట్ రోడ్డు, బస్సులు, నడుంనొప్పి సంగతి వదిలేస్తున్నా. ధవళేశ్వరంలో మాత్రం ఆయన దిగాల్సిందే అన్నారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక పడవలు కాలవల్లోంచి గోదావరిలోకి ఎక్కింది లాకుల మీదుగానే. గదిలో నీళ్లు నింపితే పడవ నిలువునా లేచేదట. ఇప్పుడు గుర్రపుడెక్క తేలుతోంది. నాన్న చాలాసేపు కదల్లేదు.

నర్సాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కుతుంటే చెక్క మీద కాలు జారింది ఆయనకి. ఎవరో పెద్దాయన రెక్క పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు. సంచిలో ఖంగుమన్నదేమిటని అడిగి, ములుకు చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమాడు. "ఆయ్, గెడ ములుకండీ ఇది. మా నాన్న దగ్గరుండేదండి. ఇసకలో మరీ దిగబడకుండా ఇదిగో, ఇక్కడ గుబ్బ కొడతారు చూడండి." డెబ్భైనాలుగేళ్లుగా నాన్న అది తుప్పు ఉండ అనుకుంటున్నారు! వశిష్ఠ పాయ దాటేవరకూ ఇద్దరూ ఆ ముక్కనే తిప్పితిప్పి చూశారు. సఖినేటిపల్లి రేవులో ఆటో మాట్లాడిపెట్టి, చార్జీ కూడా ఆయనే ఇచ్చేశాడు. మేం వద్దంటుంటే, "మీరు మా వోళ్లేగాండీ" అన్నాడు.

గుళ్లో జనం, అబ్బో! కార్తీకం, పైగా ఆదివారం. ముందువాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకుంటే, వెనకవాళ్లు మోచేతులతో పొడిచారు. పసిపిల్లల ఏడుపు సరేసరి. ఈ గుడి కట్టించిన కొపనాతి కృష్ణమ్మగారి ఓడలు తుపానులో కనబడకుండా పోతే, మొక్కుకున్నాక తిరిగొచ్చాయని చెబుతారు. మా పడవ రాలేదుగా స్వామీ అని మనసులో అంటూనే ముందుకి జరిగాను. రెండు భుజాల సందులోంచి, హారతి ఊగిన ఒక్క ఊపులో, పడమటి ముఖంగా స్వామి. మూడు క్షణాలుంటుందేమో. నాన్న నున్నటి గుండుతో, ములుకు జనం తలల మీదుగా ఎత్తి చూపించారు. "ఇనప ముక్కేంటండీ బాబూ, తగుల్తుంది!" అని ఎవరో కసిరారు. నాన్న ఏడుస్తున్నారు, ఆయనకి వినబడినట్టు లేదు.

సాయంత్రం, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లాం. ములుకు అక్కడ నీళ్లలో వదిలేస్తారనుకున్నాను. వంగి ఉప్పునీళ్లలో ముంచి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు.

"కొత్తింటికి దండెం కావాలిగా" అన్నారు.