స్లాబ్ సెరిఫ్ బోల్డ్ ఇటాలిక్‌ను ఎక్కడ, ఎలా వాడాలి

ఇంటిమీద పోసే స్లాబ్ లాగే, స్లాబ్ సెరిఫ్ అనే ఈ రకం ఇంగ్లిష్ ఫాంట్లలో అక్షరాల కొసలకు మందమైన, చదరపు పట్టీలుంటాయి. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో లండన్‌లో పోస్టర్ల కోసం పుట్టిన బాణీ ఇది. బోల్డ్ చేసి కుడికి వాల్చితే, అంటే ఇటాలిక్ చేస్తే, బరువూ వేగమూ ఒకే అక్షరంలో కనిపిస్తాయి. జెర్సీలు, లేబుళ్లు, పుస్తకాల అట్టలు, మూడు నాలుగు మాటల శీర్షికలు దీని చోట్లు. పేరా మొత్తం దీంతో నింపితే కన్ను అలిసిపోతుంది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సంస్థ మొజిల్లా కోసం టైపోథెక్ అనే ఫాంట్ల సంస్థ తయారుచేయగా 2017లో వచ్చిన జిల్లా స్లాబ్ ఫాంట్‌నే తీసుకోండి. ఉచితం. ఐదు మందాలు, ప్రతిదానికీ విడిగా గీసిన ఇటాలిక్. ఆ 'విడిగా గీసిన' అన్నదే అసలు సంగతి. రోబోటో స్లాబ్ అనే మరో ఫాంట్‌కు ఇటాలిక్ లేదు. అయినా ఇటాలిక్ (I) బటన్ నొక్కితే అక్షరం వాలుతుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్నే పక్కకు తోసేస్తుంది. అలా తోస్తే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డపట్టీల మందం మాత్రం తగ్గదు. పట్టీ కొసలు ఒకవైపు సూదిగా మారతాయి. ఇంగ్లిష్ 'o' లాంటి గుండ్రని అక్షరంలో ఒక మూల లావెక్కి, పక్క మూల చిక్కిపోతుంది. సన్నటి ఫాంట్‌లో ఇది దాగుతుందేమో గానీ స్లాబ్ బోల్డ్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొనేముందు, దించుకునేముందు ఫైళ్ల పేర్లు చూడండి: బోల్డ్ ఇటాలిక్ అని వేరే ఫైలు ఉండాలి. ఆర్వో అనే స్లాబ్ ఫాంట్‌లో ఉంది.

స్క్రీన్‌మీద 24 పిక్సెళ్లకు తగ్గించవద్దు. 60 దాటితే ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) మైనస్ 10 నుంచి 20 దాకా బిగించండి, లేకపోతే పట్టీల మధ్య సందులు పళ్ల మధ్య ఖాళీల్లా కనిపిస్తాయి. అన్నీ పెద్దక్షరాలైతే మాత్రం కాస్త వదులు చేయాలి. లైన్ హైట్ (వరుసల మధ్య దూరం) 1.1 చాలు.

అదే వరుసలో తెలుగు ఉంటే 1.1 కుదరదు. పైన గుడి, కింద ఒత్తు ఢీకొంటాయి, 1.5 దగ్గర మొదలుపెట్టండి. తెలుగును వాల్చనే వద్దు. వాల్చితే తలకట్టు కొస పక్క అక్షరంలోకి పొడుచుకుపోతుంది. మన లిపికి ఇటాలిక్ సంప్రదాయమూ లేదు. వెబ్‌పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఫాంట్ పేర్ల వరుసలో ముందు జిల్లా స్లాబ్, తర్వాత నోటో సెరిఫ్ తెలుగు రాసి, బ్రౌజర్ తానే అక్షరాన్ని వాల్చకుండా ఫాంట్-సింథసిస్-స్టైల్ (font-synthesis-style)ను 'none' చేయండి. అప్పుడు ఇంగ్లిష్ మాట అసలు ఇటాలిక్‌లో వస్తుంది, తెలుగు నిటారుగా, బోల్డ్‌గా నిలుస్తుంది. సైజును పాయింట్లతో కాక కంటితో సరిచూడండి: ఇంగ్లిష్ చిన్నక్షరాల ఎత్తు, తెలుగు 'ప' ఒంటి ఎత్తు దగ్గరగా ఉండాలి.

అచ్చులో ఒక్క జాగ్రత్త. న్యూస్‌ప్రింట్ మీద నల్లటి అక్షరాలుగా వేస్తే సిరా పాకి ఇంగ్లిష్ 'a', 'e' లోపలి చిన్న కన్నాలు పూడుకుపోతాయి. అక్కడ బోల్డ్ వదిలి సెమీబోల్డ్ పెట్టండి, సైజు ఒక మెట్టు పెంచండి.