ప్రయాణికుడికి రెండు, స్థానికుడికి నాలుగు

గల్ఫ్‌లో నమాజు చాలా తేలికని మా విశాఖలో అనుకుంటారు. నమాజుకు పిలిచే అజాన్ వినిపిస్తుంది, మసీదు దగ్గరలోనే ఉంటుంది, పనికి విరామం ఇస్తారు. అదంతా నిజమే. సౌదీలోని జుబైల్‌లో వెల్డర్‌గా పనిచేస్తూ నేను భయపడేది ఆ తేలికకే. మధ్యాహ్నపు జుహర్, పొద్దువాలే వేళ చదివే అస్ర్ నమాజుల్లో నిలబడేది దేవుడి ముందా, ఫోర్‌మన్ ఇచ్చిన విశ్రాంతిలోనా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. తెల్లవారుజామున చదివే ఫజ్ర్‌కు ఆ సందేహమే లేదు. దానికి ఏ కంపెనీ సమయం ఇవ్వదు. వేసవిలో ఇక్కడ ఫజ్ర్ వేళ మూడున్నరకు ముందే మొదలవుతుంది. పన్నెండు గంటల షిఫ్టు చేసి పడుకున్నవాడు ఆ రెండు రకాతుల కోసం (నిలబడటం నుంచి సాష్టాంగం దాకా ఒక ఆవృత్తి ఒక రకాతు) తన నిద్రనే తగ్గించుకోవాలి. ‘నిద్ర కంటే నమాజు మేలు’ అన్న పిలుపు ఆ ఒక్క అజాన్‌లోనే ఎందుకు ఉందో ఇక్కడికి వచ్చాకే నాకు ఒంటికి తెలిసింది. ఆ సమయానికి విశాఖలో తెల్లవారిపోతుంది. దర్గా కొండ దిగువన మా ఇంట్లో అమ్మ నమాజు ముగించి ఫోను చేస్తుంది. ‘‘లేచావా నాన్నా?’’ అన్నదే మొదటి మాట.

సౌదీలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదు. జుహర్ వేళ 12కు కాస్త ముందే వస్తుంది కాబట్టి హడావిడి ఉండదు. వజూకే, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడానికే, కష్టం. ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంతగా కాగి ఉంటాయి. అందుకని పొద్దున్నే డ్రమ్ములో పట్టి నీడలో ఉంచుతాం. బూట్లు, సాక్సులు విప్పి, మసి పట్టిన గోళ్ల అంచులు రుద్దుకుని, మోచేతుల దాకా కడుక్కోవాలి. గ్లోవు అంచు దాటి నిప్పురవ్వ కాల్చిన చోట నీళ్లు తగిలితే చురుక్కుమంటుంది. అయినా ఒక్క వేలెడు చోటు కూడా పొడిగా మిగలకూడదు. ఈ శ్రద్ధే నమాజులో సగం పని చేసిపెడుతుందని నా నమ్మకం. ఖురాన్‌లోని జుమా సూరా (62వ అధ్యాయం) శుక్రవారం నమాజు అజాన్ వినగానే వ్యాపారం వదిలి రమ్మంటుంది. ఆ వెంటనే, నమాజు అయ్యాక భూమి మీద విస్తరించి దేవుడి అనుగ్రహాన్ని వెతుక్కోమని కూడా చెబుతుంది. పొట్టకూటి కోసం ఇంత దూరం వచ్చినవాళ్లకు అది ఎంత ధైర్యమో!

జమాత్‌లో, అంటే అందరం కలిసి చదివే నమాజులో, నాకు ఒకవైపు ఈజిప్టు ఫిట్టర్, మరోవైపు ఇండోనేషియా డ్రైవర్ నిలబడతారు. వాళ్లు ‘ఆమీన్’ గట్టిగా అంటారు, మేం మనసులో అనుకుంటాం. చేతులు కట్టుకునే తీరూ వేరే. మా విశాఖ మసీదుల్లో ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పద్ధతి. మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ దానికి రెండింతలయ్యాకే అస్ర్. ఇక్కడ అంతే పొడవైతే చాలు. అందుకే అజాన్ చాలా ముందే వినిపిస్తుంది. రకాతుల లెక్కలో మాత్రం తేడా లేదు. తప్పనిసరిగా చదవాల్సిన ఫర్జ్ రకాతులు రోజుకు 17. ఏ దేశం మనిషి పక్కన నిలబడినా అంతే.

అయితే ప్రయాణంలో ఉన్నవాడికి వెసులుబాటు ఉంది. జుహర్, అస్ర్, రాత్రి చదివే ఇషాల్లో నాలుగు ఫర్జ్ రకాతులకు బదులు రెండే చదవాలి. ఫజ్ర్, సూర్యాస్తమయం కాగానే చదివే మగ్రిబ్ తగ్గవు. ఈ మధ్య విశాఖ నుంచి వచ్చిన ఒక కుర్రాడు క్యాంపు గదిలో ఒంటరిగా ఇషా చదువుతూ రెండు రకాతులకే సలాం చెప్పి నమాజు ముగించాడు. పక్క మంచం మీదున్న కడప పెద్దాయన చూశారు.

‘‘బేటా, నీ వీసా ఎన్నాళ్లకు?’’

‘‘రెండేళ్లకు చాచా.’’

‘‘మరి ప్రయాణికుడివి ఎలా అవుతావు? మన హనఫీ లెక్కలో ఒక ఊళ్లో 15 రోజులు ఉండాలనుకున్నా చాలు, పూర్తిగా నాలుగు చదవాల్సిందే.’’

ఇఖామా (నివాస అనుమతి కార్డు) మీద విదేశీయుడినని రాసి ఉన్న చోట నమాజు తనను ఆ ఊరివాడిగా లెక్కగట్టడం వాడికి మింగుడుపడలేదు. ఇల్లు నిజంగా దూరమైందని అప్పుడే తెలిసినట్టు ముఖం చిన్నబోయింది.

‘‘అయితే సెలవులకు విశాఖ వెళ్తే అక్కడ రెండేనా?’’ అని అడిగాడు.

‘‘దారి పొడవునా రెండు. విశాఖలో కాలు పెట్టాక నాలుగు. అది నీ సొంత ఊరు, అక్కడ 15 రోజుల షరతు లేదు. మర్నాడే తిరుగు విమానం ఉన్నా సరే’’ అన్నారు పెద్దాయన.