తక్కువ అంకెను అనుమానించే యంత్రం

మంచిర్యాలలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్న భోజనానికి ముందే బల్లార్షాలో దిగవచ్చు కనుక, దీన్ని ప్రవాసం అనడానికి మొదట్లో నాకే మొహమాటంగా ఉండేది. డ్యూటీ రిజిస్టరులో మొదటిసారి మరాఠీలో రాయవలసి వచ్చి, పక్కవాడి పేజీ చూసి అక్షరాలు దించుకున్న రాత్రి ఆ మొహమాటం పోయింది. వర్ధా నదికి అవతల, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండిన రాజురాలో, తరాలుగా స్థిరపడిన ఒక తెలుగువాళ్ల ఇంట్లో అద్దెకు దిగాను.

చంద్రపూర్ జిల్లాలో బొగ్గుతో నడిచే ఒక విద్యుత్ కేంద్రంలో, పొగగొట్టానికి అమర్చిన గ్యాస్ అనలైజర్లను చూసుకోవడం నా పని. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన పారిశ్రామిక కాలుష్య సూచికలో చంద్రపూర్‌కు నూటికి 83.88 వచ్చి, దేశంలో నాలుగో స్థానం దక్కింది. 2014లో అదే మండలి థర్మల్ కేంద్రాలతో సహా 17 రకాల పరిశ్రమలను, పొగలోని కాలుష్యాన్ని నిరంతరం కొలిచి ఆ లెక్కలను నేరుగా తమ సర్వర్లకు పంపాలని ఆదేశించింది. నాలాంటివాళ్ల కొలువులు ఆ ఆదేశం చలవే.

నేను చేరిన కొన్నాళ్లకు ఈ లెక్కలను గమనించే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. యూనిట్ లోడు (అప్పుడు ఎంత కరెంటు తీస్తున్నదో), మండుతున్న బొగ్గు, పొగలోని ఆక్సిజన్ చూసి, సల్ఫర్ డయాక్సైడ్ ఎంత ఉండాలో అది అంచనా కట్టి, మీటరు చూపే అంకెతో పోల్చుతుంది. ఒక వానాకాలపు రాత్రి, లోడు నిండుగా ఉండగా మీటరు అంకె క్రమంగా దిగుతూంటే, అది హెచ్చరిక మోగించింది. ఎక్కువైతే కదా భయం, తక్కువైతే నీకేం బాధ అని షిఫ్ట్ ఇన్‌ఛార్జి విసుక్కున్నాడు. నిజానికి ఆ పూట నాకూ నిచ్చెన ఎక్కాలని లేదు.

పొగను అనలైజర్ దాకా తెచ్చే గొట్టాన్ని ఎప్పుడూ వేడిగా ఉంచాలి. చల్లబడితే పొగలోని తేమ నీరై, సల్ఫర్ డయాక్సైడ్ ఆ నీటిలో కొంత కరిగిపోతుంది. చిమ్నీ నుంచి వెళ్లేది వెళ్తూనే ఉన్నా మీటరుకు మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది. చేత్తో తడుముతూ వెళ్తే, ఒకచోట హీటరు పోయి గొట్టం చల్లగా తగిలింది. బాగుచేసి, గాఢత ముందే తెలిసిన, సిలిండర్‌లోని ప్రమాణ వాయువుతో సరిచూశాక అంకె మళ్లీ పైకి లేచింది; ఇన్‌ఛార్జి ముఖం దిగింది. పెరిగిన అంకెలను పట్టడానికి పాత అలారమే చాలు. తగ్గిన అంకెను నమ్మకపోవడమే ఈ సాఫ్ట్‌వేర్ చేసిన అసలైన మేలు. అయితే అదీ అమాయకమే: దానికి నేర్పిన నిరుటి లెక్కల్లో గొట్టం తడిసిన వారాలు కూడా సవ్యమైనవిగానే చేరిపోయాయని తర్వాత తేలింది. వాటిని మేమే రిజిస్టర్లు తిరగేసి ఏరి తీసేయవలసి వచ్చింది.

ఇదంతా ఇంటి పెద్దమ్మకు వివరిస్తే, ఆమె దండెం మీది తెల్లచీరను వేలితో రాసి చూపించి, "మరి గీ మసిని మీ మిషన్ చూస్తదా తమ్మీ?" అని అడిగింది. చూడదని చెప్పాను. అది చూసేది పొగగొట్టం లోపలే. రోడ్డు మీద బొగ్గు లారీలు లేపే దుమ్ము మా తెర మీదికి రాదు. "అయితే నేనే చూసుకుంట తియ్," అని ఆమె చీరను దులిపి లోపలి గదిలో ఆరేసింది.