టి-55 పెట్టె విప్పిన ఆదివారం

పొద్దున్నుంచి ముసురు. ఇంత తేమలో రంగు కొడితే పైన వేసే వార్నిష్ తెల్లగా పొగబారుతుంది కాబట్టి ఎయిర్ బ్రష్ జోలికి పోలేదు. ముగ్గురం కూచుని కొత్తగా వచ్చిన 1/35 టి-55 పెట్టె విప్పాం, అంటే సోవియట్ ట్యాంకుకి 35వ వంతు ఉండే ప్లాస్టిక్ మోడల్ కిట్టు. జిగురు సీసా మూత తియ్యకూడదని ముందే ఒప్పందం. ఇవాళ కాలిపరు (మందం, వెడల్పు కొలిచే పనిముట్టు), మాస్కింగ్ టేపు, డ్రాయింగులు, అంతే.

డ్రాయింగులతోనే మొదటి గంట పోయింది. ప్రింటులో వెడల్పు 90.6 మిల్లీమీటర్లు చూపిస్తోంది, కిట్టేమో 93 దాటుతోంది. కిట్టు లావని తీర్పు చెప్పేసే ముందు డ్రాయింగు కింద ఉన్న స్కేలు గీతని కొలిచాం. నూటికి 97 వంతులే ఉంది. జిరాక్స్ షాపులో పేజీకి సరిపెట్టే సెట్టింగు అలాగే వదిలేశారు. ఆ గీత లేని డ్రాయింగుని నమ్మి కిట్టుని తిట్టడమంత తేలిక పని ఇంకోటి లేదు.

రెండో తగువూ వెడల్పు మీదే. అసలు ట్యాంకు 3.27 మీటర్లు, 35తో భాగిస్తే 93.4. మావాడు ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలు) టేపుతో అతికించి, బయటి అంచు నుంచి బయటి అంచుకి పట్టి, "92 వచ్చింది అన్నా, సన్నం" అన్నాడు. ఆ 3.27 ఫెండర్లది (ట్రాకుల మీద కప్పే రేకులు), ట్రాకులది కాదు. రెండు ట్రాకుల నడిమి గీతల మధ్య దూరం 2640 మిల్లీమీటర్లు, ట్రాకు వెడల్పు 580. కలిపితే 3220, మన స్కేల్లో సరిగ్గా 92. అంటే ఫెండరు ఒక్కో పక్క 0.7 బయటికి రావాలి. వస్తోంది. కిట్టుది తప్పేమీ లేదు.

చక్రాల వ్యాసం అసలు ట్యాంకులో 810 మిల్లీమీటర్లు, మన స్కేల్లో 23.1 ఉండాలి, 23.0 ఉన్నాయి. అచ్చులో చల్లారేటప్పుడు ప్లాస్టిక్ ఆ మాత్రం కుంచించుకుంటుంది, పట్టించుకోనక్కర్లేదు. మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఎక్కువ ఖాళీ ఉంది, టి-55 ముద్రే అది. చక్రం మీద అయిదు రెక్కల నక్షత్రం కూడా సరిగానే ఉంది.

అసలు పని టర్రెట్ దగ్గర, తుపాకీ ఉండే పైగుమ్మటం అది. చుట్టుకొలతలన్నీ సరిపోయినా గుమ్మటం వంపు తప్పితే ట్యాంకు మొహమే మారిపోతుంది, దాన్ని కాలిపరు పట్టుకోలేదు. ఫోన్ దగ్గరగా పెట్టి తీసిన ఫోటో మీద ఆనించి చూడటం మరీ ప్రమాదం: లెన్సుకి దగ్గరున్న ముందు భాగం ఉబ్బుతుంది, వెనక భాగం చిక్కుతుంది. టర్రెట్‌ని బల్ల అంచున పెట్టి, రెండు మీటర్లు వెనక్కి పోయి, జూమ్ చేసి తీశాం. అసలు ట్యాంకుని దూరం నుంచి పొడుగు లెన్సుతో తీసిన పక్క ఫోటో మీద దాన్ని పరిచాం. వంపు కలిసింది. తుపాకీ పక్కన చెంపల దగ్గర మాత్రం కొద్దిగా చదునుగా ఉంది. పుట్టీతో అర మిల్లీమీటరు నింపితే చాలు.

నాకు నచ్చనిది వంపు కాదు, పైచర్మం. టి-55 టర్రెట్ గోడలు పోత పోసినవి. కప్పు మాత్రం విడిగా పలకలు పెట్టి వెల్డింగ్ చేసింది. కాబట్టి గోడలు గరుగ్గా, కప్పు నున్నగా ఉండాలి. ఈ కిట్టులో కప్పుతో సహా మొత్తం ఒకే గరుకు, అదీ బత్తాయి తొక్కలా. అసలు పోతలో 3 మిల్లీమీటర్ల బుడిపె ఉందనుకున్నా మన స్కేల్లో అది 0.1 కూడా రాదు. కప్పుని తడిపి 400, తర్వాత 600 నంబరు కాగితంతో సాపు చెయ్యాలి. చుట్టూ వెల్డింగ్ గీత కోసం స్ప్రూని (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం పుల్లని) కొవ్వొత్తి సెగన సాగదీసి, ఆ తీగని పల్చటి జిగురుతో అంటించి, పది నిమిషాలకి మెత్తబడ్డాక కత్తి మొనతో దగ్గర దగ్గరగా నొక్కాలి. తొందరపడి ముందే నొక్కితే తీగ జారుతుంది, ఆలస్యమైతే గాటు పడదు. గోడల గరుకుని కూడా సగానికి తగ్గించి, మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమరుని పాత బ్రష్షు మొండితో అక్కడక్కడా పొడిస్తే సరిపోతుంది. అన్నిచోట్లా ఒకేలా పొడిస్తే మళ్ళీ బత్తాయే.

ట్రాకుల్లో చిన్న తిరకాసు. లింకు నుంచి లింకుకి 137 మిల్లీమీటర్లు, కాబట్టి పది లింకులు 39.1 రావాలి. లాగి పట్టి కొలిస్తే 39.4 వచ్చాయి, పిన్నుల వదులు వల్ల. పక్కకి 90 లింకులంటే 2.7 మిల్లీమీటర్లు ఎక్కువ, లింకులో మూడింట రెండు వంతులు. 89తో కలిపి చూడాలి. పైన రోలర్లు లేవు కాబట్టి ట్రాకు చక్రాల మీదే వాలి, మధ్యలో కుంగాలి. బిగుతుగా ఉంటే బొమ్మలా ఉంటుంది, మరీ వేలాడినా అంతే.

సూచనల కాగితం ఇక్కడే తప్పుదోవ పట్టిస్తోంది. పెట్టెలో రెండు రకాల స్ప్రాకెట్లున్నాయి (ట్రాకుని లాగే పళ్ళ చక్రాలు), 13 పళ్ళదీ 14 పళ్ళదీ. ట్రాకులేమో పాత ఓఎంఎష్ రకం, లింకుల కీళ్ళలో రబ్బరు బుష్షులు లేనివి. వాటికి 13 పళ్ళది పెట్టాలి. తర్వాత వచ్చిన ఆర్ఎంఎష్ ట్రాకుతో వచ్చింది 14 పళ్ళది. కాగితం మాత్రం 14 పళ్ళదే పెట్టమంటోంది.

ఈ కిట్టుతో గొడవంతా ఇదే. కొలతల్లో పేరు పెట్టడానికి లేదు, ఏ ఏడాది బండి అన్నది మాత్రం తేల్చదు. 1958లో వచ్చిన టి-55కి టర్రెట్ మీద డిష్కా మరతుపాకీ లేదు, 1970 ప్రాంతంలో మళ్ళీ పెట్టారు. ఇక్కడ లోడరు మూత దగ్గర డిష్కా చట్రం ఉంది. ముందు పలక మధ్యలో డ్రైవరు మరతుపాకీ గుండు పోయే చిన్న రంధ్రమూ ఉంది, అది తర్వాతి రకం టి-55ఏలో తీసేశారు. రెండూ ఒకే బండి మీద పెట్టాలంటే ఫోటో ఆధారం కావాలి. లేకపోతే చట్రమన్నా తియ్యాలి, రంధ్రమన్నా పూడ్చాలి.

డికాల్స్‌లో (మోడల్ మీద అంటించే గుర్తుల్లో) 1971 భారత సైన్యపు గుర్తులు చూసి మావాడు ఎగిరాడు. కానీ ఆ యుద్ధంలో మన టి-55లకి తుపాకీ గొట్టం మధ్యలో ఉత్తుత్తి డ్రమ్ము తగిలించారు. పాకిస్తాన్ దగ్గరున్న చైనా ట్యాంకు టైప్ 59 దీని అన్నదమ్ముడే. దూరం నుంచి రెంటినీ ఒకటనుకుని మనవాళ్ళే మనవాళ్ళ మీద పేల్చకూడదని ఆ ఏర్పాటు. అసలైన పొగ తీసే డ్రమ్ము గొట్టం మూతి దగ్గర వేరే ఉంది. కిట్టులో ఆ ఒక్కటే ఇచ్చారు. తర్వాతి రోజుల్లో 105 మిల్లీమీటర్ల తుపాకీ ఎక్కించిన మన టి-55కి డ్రమ్ము నిజంగానే మధ్యలో ఉంటుంది, దాన్ని తెచ్చి 1971 బండికి పెట్టకూడదు.

డ్రమ్ము మనమే చేసుకోవాలి. పక్క నుంచి తీసిన ఫోటోలో చక్రాన్ని 23.1 అనుకుని డ్రమ్ము పొడవు లెక్కగట్టవచ్చు. కాకపోతే చక్రం కెమెరాకి దగ్గర, గొట్టం ట్యాంకు నడిమిన, కాబట్టి లెక్క కాస్త తక్కువే వస్తుంది. గొట్టం మందంతో ఇంకోసారి సరిచూడాలి. 0.25 ప్లాస్టిక్ షీటుని డ్రిల్ బిట్‌కి చుట్టి, టేపు వేసి, వేడినీళ్ళలో ముంచి చల్లారిస్తే ఆ వంపు నిలబడుతుంది. అతుకు కిందివైపు రావాలి.

నాలుగింటికి టీ తాగి, 14 పళ్ళ స్ప్రాకెట్లని స్ప్రూ నుంచి కోసి విడి డబ్బాలో వేశాం, రేపు పొరపాటున చేతికి రాకుండా. ముసురు ఇంకా తగ్గలేదు.